బకింగ్‌హామ్ కాలువ తవ్వినవాళ్ళు ఒప్పుకున్న లెక్క



పొడుగు వ్యాసం రాసి చాలా రోజులైంది. ఈసారి విషయం కొంచెం ఇబ్బందికరమైనది. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి. ఇంకో మాట. మన క్రైస్తవుల భాషలో సంఘం అంటే చర్చి. ఇక్కడ నేను సంఘం అన్నప్పుడల్లా మన తెలుగు సంఘం అనే అర్థం చేసుకోండి, చర్చిని చర్చి అనే రాస్తాను.

పోయిన నెల జనరల్ బాడీ ముగిసి అందరూ కాఫీలు తాగుతుంటే మన సభ్యుల్లో ఒకాయన నన్ను పక్కకి పిలిచారు. ఎవరో చెప్పను, అడగవద్దు. "అన్నా, మావాడి కాలేజీ అడ్మిషన్ దగ్గరికొచ్చింది. మేము ఆది ఆంధ్ర, హిందువులం అని సంఘం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇప్పించు. తాలూకా ఆఫీసులో చూపిస్తే సర్టిఫికెట్ పని అయిపోతుందంట" అన్నారు. ఆయన ప్రతి ఆదివారం చర్చిలో నా ముందు బెంచీలో కూర్చునే మనిషి. ఆ కుర్రాడు బాప్తిస్మం తీసుకున్న రోజున నేనూ అక్కడే ఉన్నాను. ఇస్తానని అనలేదు, ఇవ్వనని అనలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు రైల్లోంచి కిందికి చూస్తే బకింగ్‌హామ్ కాలువ కనిపించింది. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

చెన్నైలో ఉన్నవాళ్ళకు ఆ కాలువ గురించి చెప్పక్కర్లేదు. దాని పక్కనుంచి పోయేటప్పుడు ముక్కు మూసుకుంటాం. మైలాపూరు నుంచి తిరువాన్మియూరు దాకా రైలు స్తంభాలు దాని కడుపులోనే పాతారు. ఒకప్పుడు ఉత్తరాన పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా దక్షిణాన మరక్కాణం దాకా పడవలు నడిచిన దారి అది. కట్టెలు, ఉప్పు, బియ్యం దాని మీదే వచ్చేవి. మా తాత తండ్రి కూడా ఒంగోలు వైపు నుంచి పడవలోనే వచ్చి మద్రాసులో దిగాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. కాగితం ఏమీ లేదు, ఇంట్లో చెప్పుకున్న మాట అంతే.

అయితే ఆ కాలువలో ఒక మూడున్నర మైళ్ళ ముక్క ఎవరు తవ్వారో, ఎందుకు తవ్వారో దానికి మాత్రం రాతలో ఆధారం ఉంది.

1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాడు. మనవాళ్ళు క్లౌ దొర అంటారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ చర్చి ఏర్పడింది. అంతకుముందు నెల్లూరు మిషన్ పాతికేళ్ళకు పైగా కష్టపడినా విశ్వాసుల సంఖ్య పెద్దగా పెరగలేదు. అమెరికాలో ఆ మిషన్‌ను మూసేద్దామని మళ్ళీ మళ్ళీ చర్చ కూడా జరిగింది. దాన్ని నిలబెట్టింది దొరలు కాదు. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోలు వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు, యోగం నేర్చుకుంటూ గురువుల దగ్గర కూర్చున్నవాడు. ఆయన వెంట ఊరికి ఊరు కదిలింది.

ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. అప్పటికే ఒంగోలులో పై కులాల వాళ్ళు కొందరు క్లౌ దొర మాటలు వింటున్నారు, ఆయన బడికి పిల్లల్ని పంపుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని వాళ్ళు తేల్చి చెప్పారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లోకం లెక్కలోకి తీసుకోని వాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటు ఒకటుంది. ఆ దినాల్లో తానూ తన భార్యా ఎవరికి వారు విడివిడిగా అదే చోటు తెరిచి చదివామని క్లౌ దొర తరవాత రాసుకున్నాడు. మాదిగలను చేర్చుకున్నాడు. పెద్దింటి పిల్లలు బడి మానేశారు. చర్చికి మాదిగల మతం అన్న పేరు పడింది, ఆ పేరు ఇవాళ్టికీ పోలేదు. తెలిసే చేశాడు. ఆయన్ని నేను మెచ్చుకునేది ముఖ్యంగా ఈ ఒక్క విషయానికి.

కానీ దొర పోగొట్టుకున్నది బడి. పేరయ్య వెంట వచ్చినవాళ్ళు ఏం పోగొట్టుకున్నారు?

కొత్తగా వచ్చినవాళ్ళకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు చదివితే ఆదివారం బడిలో పిల్లలకు చెప్పే మాటల్లా ఉంటాయి. అప్పటి పల్లెలో ఇవి మూడూ అన్నం కుండ మీద పడే దెబ్బలు.

మాదిగపల్లెకు ఊరితో ఉన్న సంబంధం వ్యవసాయం చుట్టూ అల్లుకున్నది. చెప్పులు, కపిల బానలు, ఎద్దుల పట్టెడలు మాదిగలు కుట్టి ఇవ్వాలి. కొలుపులప్పుడు డప్పు కొట్టాలి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెట్టికి పోవాలి. దానికి బదులుగా కళ్ళంలో మేర కొలిచేవారు, చచ్చిన గొడ్డు వాళ్ళదే అయ్యేది. మేర అంటే దయ కాదు, హక్కు. కానీ ఊరు తలచుకుంటే ఆపేసే హక్కు. ఆదివారం పని చేయననడం అంటే వెట్టికి వారంలో ఒక రోజు రానని చెప్పడం. కోతల్లో ఆ మాట అన్నవాడికి మిగతా ఆరు రోజులు కూడా పని ఉండకపోవచ్చు. మొక్కనన్నవాడు పోలేరమ్మ ముందు డప్పు కొట్టడు. ఊళ్ళో మశూచి వస్తే ఆ పాపం వాడిదే అంటారు. ఇక చచ్చిన గొడ్డు మాంసం. కరువు నెలల్లో అది వాళ్ళకు దొరికే ఒకే ఒక్క మాంసం. మాంసం వద్దనుకోవడం ఆకలితో ఉండటమే.

ఊరు ఊరుకోలేదు. నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు, అంగళ్ళలో సరుకు అమ్మలేదు, లేనిపోని నేరాలు మోపి కొందరిని కచేరీలకు ఈడ్చారు. క్లౌ దొర అధికారులకు అర్జీలు పెట్టాడు, కొన్ని చోట్ల పని జరిగింది. కానీ దొర ఒంగోలులో ఉంటాడు, కరణం మునసబులు ఊళ్ళోనే ఉంటారు. రాత్రికి ఆ ఊళ్ళోనే పడుకోవాల్సింది వీళ్ళు.

అప్పుడు కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా. ధాత సంవత్సరంలో మొదలైంది కాబట్టి పెద్దవాళ్ళు ధాత కరువు అనేవారు. తమిళులు కూడా ఆ సంవత్సరం పేరుతోనే చెప్పుకుంటారు. దక్షిణ భారతదేశంలో 50 లక్షలకు పైగా చనిపోయారని అంచనా. ప్రభుత్వం కరువు పనిగా ఈ కాలువను పొడిగించింది. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు దానికి పెట్టింది.

ఇతర క్యాంపుల్లో మేస్త్రీల చేతుల్లో నలిగిపోతున్నామని జనం మొరపెట్టుకుంటే, క్లౌ దొర మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. కుర్రతనంలో అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు కాబట్టి కొలతలు తెలుసు. రాజుపాలెం దగ్గర క్యాంపు పెట్టించాడు. తన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు. పగలు మట్టి కొలిచిన మనిషే విరామంలో వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడేవాడు. బాప్తిస్మం ఇమ్మని వందల మంది అడగడం మొదలుపెట్టారు.

ఆయన ఇవ్వలేదు. పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చినవాళ్ళన్న మాట పడకూడదని. మన పెద్దల్ని బియ్యం క్రైస్తవులని ఎగతాళి చేసేవాళ్ళు ఈ పదిహేను నెలల సంగతి ఎప్పుడూ ఎత్తరు. మనవాళ్ళు కూడా ఎత్తరు, అదే నాకు ఆశ్చర్యం. మనం 2,222 అన్న అంకె ఒక్కటే గుర్తుపెట్టుకున్నాం.

ఆ అంకె సంగతి కూడా చెప్పేస్తాను. 1878 జూన్ నాటికి సాయం డబ్బు అయిపోయింది. ఇక పంచేదేమీ లేదని చెప్పారు. అయినా జనం వచ్చారు. చేతులకు కాసిన కాయలు చూపించి, మేము పని చేసే తిన్నాం, ఇప్పుడు డబ్బు అడగడం లేదు, వచ్చే పంట పోతే చస్తాం కానీ క్రైస్తవులుగా చస్తాం అన్న అర్థం వచ్చేలా చెప్పారు. ఒంగోలుకు పది మైళ్ళ దూరంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మాలు జరిగాయి. 3వ తేదీన ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతలో ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడ్డారు. దొర గట్టు మీదే ఉన్నాడు, ఆ రోజు ఒక్కరికి కూడా తన చేత్తో ఇవ్వలేదు.

నాకు ముఖ్యమనిపించేది ఇది. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా సువార్తలో యేసు చెప్పిన ఉపమానం ఉంది కదా. గుండ్లకమ్మలో దిగినవాళ్ళకు ఆ లెక్క ఎవరూ వివరించనక్కర్లేదు. పన్నెండేళ్ళుగా పక్క ఊళ్ళలో ఏం జరుగుతోందో కళ్ళారా చూశారు. విశ్వసిస్తే కష్టం తప్పుతుందని వాళ్ళు అనుకోలేదు. దాన్ని ఒంటరిగా మోయక్కర్లేదని అనుకున్నారు. మన ప్రార్థనల్లో ఇప్పుడు ఈ రెండూ కలిసిపోయాయి. తప్పించమని అడగడమే ప్రార్థన అయిపోయింది.

వాళ్ళ లెక్కలో లేని ఖర్చు ఒకటి మాత్రం తరవాత వచ్చి పడింది. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల జాబితా ప్రకటించినప్పుడే అందులో భారతీయ క్రైస్తవులకు చోటు లేదంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరాలో, హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడని చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవులకు, ముస్లింలకు తీయలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ తీయమని సిఫారసు చేసింది. 2022లో ఇదే ప్రశ్న మీద జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు.

మద్రాసు గాంధీ ఇర్విన్ వంతెన దగ్గర రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై కేసు మన సభ్యులందరూ తెలుసుకోవాలి. ప్రభుత్వం చెప్పులు కుట్టేవాళ్ళకు ఉచితంగా బంకులిచ్చింది. ఆయన పక్కన కూర్చుని అదే పని చేసేవాళ్ళకు వచ్చింది, ఆయన క్రైస్తవుడు కాబట్టి రాలేదు. సుప్రీం కోర్టు దాకా వెళ్ళాడు. మతం మారాక కూడా అదే స్థాయిలో వివక్ష కొనసాగుతోందని చూపించే ఆధారాలు చాలవని 1985లో కోర్టు కొట్టేసింది. యానాం మిత్రులకు 2024 నవంబరు తీర్పు గుర్తుండే ఉంటుంది, మీ పుదుచ్చేరి కేసే. పసితనంలో బాప్తిస్మం పొంది చర్చికి వెళ్తూనే ఉన్న ఒక మహిళ హిందువునంటూ ఎస్సీ సర్టిఫికెట్ అడిగితే, రిజర్వేషన్ కోసం మాత్రమే అలా చెప్పుకోవడం రాజ్యాంగ స్ఫూర్తికి విరుద్ధమని సుప్రీం కోర్టు అంది.

తమిళనాడులో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు బీసీ. ఆంధ్రలో బీసీ-సి, ఒక శాతం. ఇక్కడ 2009లో అరుంధతియార్లకు ఇచ్చిన మూడు శాతం లోపలి కోటాలో మాదిగ, ఆది ఆంధ్ర పేర్లున్నాయి. కానీ చర్చి రిజిస్టరులో పేరున్న మాదిగకు అది లేదు. అన్నదమ్ముల్లో ఒకరికి ఉంటుంది, ఒకరికి ఉండదు. కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశా మిత్రులు మీ దగ్గర ఏ జాబితాలో వేశారో కింద రాయండి.

అన్నదమ్ములన్నాను కదా, అది మా ఇంటి సంగతే. మా నాన్న మా అన్నయ్యను బడిలో హిందూ ఆది ఆంధ్ర అని రాయించాడు. నన్ను చేర్చేనాటికి పాస్టరుగారితో ఏదో మాట వచ్చింది, నా ముందు క్రైస్తవుడని రాసింది. అన్నయ్యకు సీటు వచ్చింది, మంచి ఉద్యోగం వచ్చింది. నా చదువుకు ఫీజు కట్టింది కూడా ఆయన జీతమే, కాబట్టి నేను పెద్ద నీతిమంతుణ్ణని చెప్పుకోలేను. ఆయన ఎప్పుడూ బాప్తిస్మం తీసుకోలేదు. క్రిస్మస్‌కు వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడేవాడు, ఫోటోల్లోకి వచ్చేవాడు కాదు. పోయినప్పుడు ఎక్కడ పూడ్చాలన్న దాని మీద వాకిట్లో రెండు గంటలు మాటలు నడిచాయి. వదిన ఏమీ మాట్లాడలేదు. చివరికి మునిసిపాలిటీ శ్మశానానికి తీసుకెళ్ళాం. పాస్టరుగారు వచ్చారు కానీ పైన కోటు వేసుకోలేదు, మామూలు చొక్కాతో వచ్చి నెమ్మదిగా ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

మా అన్నయ్య చేసింది తప్పని నేను అనను. 1950 ఉత్తర్వు న్యాయమనీ అనను, అది మారాలనే నా అభిప్రాయం, సంతకాలు ఎప్పుడు అడిగినా పెడతాను. ఉత్తర్వు అన్యాయం కాబట్టి ఉత్తరం అబద్ధమైనా పరవాలేదన్న వాదన మాత్రం నాకు మింగుడు పడటం లేదు. ఆ ఉత్తరం వల్ల రేపు కేసు పడేది ఆ కుర్రాడి మీద. సంతకం పెట్టిన మన కార్యదర్శి మీద కూడా. అంతకంటే ముందు, ఆ పిల్లవాడు పద్దెనిమిదేళ్ళకే వెనక తలుపు దగ్గర నిలబడటం నేర్చుకుంటాడు.

అందుకని పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళ నాన్నతో చెప్పాను. సంఘం ఎవరి మతం గురించీ ఉత్తరం ఇవ్వదు, అది కమిటీలో తీర్మానం చేయిస్తాను. బీసీ సర్టిఫికెట్ కోసం తాలూకా ఆఫీసుకు నేను తోడు వస్తాను, ఎన్ని సార్లు తిప్పితే అన్ని సార్లు వస్తాను. సీటు రాక ప్రైవేటు కాలేజీలో చేర్చాల్సి వస్తే మొదటి సంవత్సరం ఫీజులో సగం నేను పెట్టుకుంటాను, మిగతాది మన స్కాలర్‌షిప్ నిధి నుంచి ఇవ్వమని అడుగుతాను. నిధిలో ఇప్పుడెంత ఉందో మీకందరికీ తెలుసు, వచ్చే మీటింగులో దాని మీద గట్టిగా మాట్లాడాలి.

ఆయన కోపంగానే విన్నారు. "మీకేం అన్నా, మీ చదువు అయిపోయింది" అన్నారు. నిజమే, కాదనలేదు. గురువారం పదింటికి తాలూకా ఆఫీసు గేటు దగ్గర ఉంటానని చెప్పి వచ్చాను. ఫోను ఇంకా రాలేదు.