కుక్క చూపించిన ఓరుగల్లు కోట

ఉద్యోగ విరమణ చేసినవాళ్లం ఇద్దరం కలిస్తే మాట మొదట పింఛను మీదికి, తర్వాత షుగరు మీదికి, ఆ తర్వాత నడక మీదికి పోతుంది. ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, నా నడక గురించే రాస్తానన్నాను. ఎందుకంటే నా నడక సాగేది వరంగల్ కోట చుట్టూ. తోడు మా మోతి. మా అబ్బాయి ఉద్యోగం మీద బెంగుళూరు వెళుతూ మా దగ్గర వదిలి వెళ్లిన నాటు కుక్క. దానితో తిరగడం మొదలుపెట్టాకే ఈ కోటను నేను నిదానంగా చూడగలిగాను. ఆ సంగతులే మిత్రులతో పంచుకుంటున్నాను.

ముందుగా ఒక నిబంధన చెప్పుకోవాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల లోపలికి, కట్టడం నిర్వహణ కోసం తప్ప, ఏ జంతువునూ తీసుకుపోరాదని 1959 నాటి నియమావళిలో 8వ నిబంధన స్పష్టంగా చెబుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లతో కాపురం చేసినవాణ్ణి కనుక నిబంధన దగ్గర నాకు పేచీ లేదు. కీర్తి తోరణాలున్న ఆవరణకు పోవాలనిపిస్తే మోతిని ఇంట్లో ఉంచి, మా శ్రీమతితో టికెట్టు కొనుక్కుని వెళతాను. మోతితో వెళ్లిన రోజున గోడలెక్కం, తోరణాల దగ్గరికి పోము. ఊరివాళ్లు రోజూ నడిచే రోడ్లు, బాటలే మా దారి. అలా మాకు మిగిలింది టికెట్టు లేని కోట. నిజానికి కోటలో పెద్ద భాగం అదే.

కుక్కకూ చరిత్రకూ ఏం సంబంధమని కొందరు మిత్రులు నవ్వుతుంటారు. ధర్మరాజు స్వర్గద్వారం దాకా వెళ్లింది ఎవరితోనో మనందరికీ తెలుసు. కాలభైరవుని వాహనం ఏమిటో చెప్పనక్కరలేదు. పురాణాలు వద్దు, శాసనం కావాలంటే అదీ ఉంది. పక్క రాష్ట్రం కర్ణాటకలో మండ్య ప్రాంతపు ఆతకూరులో, క్రీ.శ. 949-50 నాటి ఒక శిలాశాసనం దొరికింది. తక్కోలం యుద్ధంలో చోళులపై పరాక్రమం చూపిన మణలేరుడనే వీరుణ్ణి గంగరాజు బూతుగుడు మెచ్చి, ఏం కావాలో కోరుకొమ్మన్నాడు. ఆ వీరుడు ఊళ్లూ అడగలేదు, బంగారమూ అడగలేదు. రాజుగారి వేటకుక్క కాళిని ఇమ్మన్నాడు. తర్వాత ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చిపోయింది. దాని జ్ఞాపకంగా గుడి ముందు రాయి నిలిపి, పూజకు భూమి కూడా ఇచ్చారు. ఆ రాయి ఇప్పుడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. వెయ్యేళ్ల కిందటే శాసనానికెక్కిన జాతి మన మోతిది.

ఇక కోట విషయానికి వస్తాను. కాకతీయుల రాజధాని మొదట హనుమకొండ. అక్కడి వేయిస్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు. తర్వాత రాజధాని ఓరుగల్లుకు మారింది. గణపతిదేవుడు (1199-1262) కోటను బలపరిచాడు. ఆయన కూతురు రుద్రమదేవి (1262-1289) గోడలను ఇంకా ఎత్తు చేయించింది. లోపలిది రాతికోట. వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, బురుజులు 45, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. దాని చుట్టూ కందకం. ఆ వెలుపల మట్టికోట, వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు. దానికీ కందకముంది. ఇంకా బయట, ఇప్పటి నగరాన్ని చుట్టి వచ్చే మరో మట్టికట్ట ఆనవాళ్లున్నాయి. లెక్క వేస్తే రాతికోట చుట్టు దాదాపు 3.8 కిలోమీటర్లు, మట్టికోట చుట్టు ఏడున్నర. మన వయసువాళ్లు మొదటిది ఒక పూటలో తిరగవచ్చు. రెండోదాన్ని మూడు నాలుగు ఉదయాలకు పంచుకోవాలి.

రాతికోట పడమటి ద్వారం గుండా ఊళ్లోకి రోడ్డు పోతుంది. ఆటోలు, సైకిళ్లు, బడిపిల్లలు అందరికీ అదే దారి. ఆ ద్వారంలోకి అడుగుపెట్టగానే మోతి ప్రతిసారీ ఆగిపోతుంది. చెవులు నిక్కబొడుచుకుని, మలుపు అవతల ఏముందో వాసన చూసిగాని కదలదు. మొదట్లో విసుక్కునేవాణ్ణి. తర్వాత అర్థమైంది, ఆ ద్వారం కట్టింది సరిగ్గా అందుకేనని. దారి తిన్నగా లోపలికి పోదు. అడ్డంగా ఒక గోడ, ఒక మలుపు, మళ్లీ ఇంకో మలుపు. పరుగెత్తుకొచ్చే శత్రువు ఇక్కడ వేగం తగ్గించక తప్పదు. తలుపు కుమ్మడానికి తెచ్చిన ఏనుగుకు ఊపు దొరకదు. ముందేముందో కనబడదు, పైన గోడ మీద నిలబడ్డవాళ్లకు మాత్రం తాను కనబడతాడు. ఆటోలో పోయేవాళ్లకు అది ఇరుకు దారి మాత్రమే. కుక్కతో పాటు ఆగి నిలబడితే, ఏడు వందల ఏళ్ల కిందటి మేస్త్రీ ఆలోచన తెలుస్తుంది.

అయితే నేను అసలు చెప్పదలచుకున్నది మట్టికోట గురించి. కోట చూడవచ్చిన వాళ్లు నల్లరాతి తోరణాల దగ్గర ఫొటోలు దిగి, ఖుష్ మహల్ చూసి వెళ్లిపోతారు. మట్టికట్టను ఏ చెరువుకట్టో అనుకుంటారు. కాని 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ సైన్యాన్ని నిలబెట్టింది ముందుగా ఈ మట్టే. ఆ దండయాత్ర వృత్తాంతం రాసిన ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, ఈ గోడ గట్టిదనాన్ని ప్రత్యేకంగా చెప్పాడు. ఉక్కు బల్లేలు దిగలేదట, యంత్రాలతో విసిరిన రాళ్లు తగిలి వెనక్కి వచ్చాయట. శత్రువు మాట కనుక దీన్ని పొగడ్త కింద తీసేయలేం. చివరికి కందకాన్ని పూడ్చి, గోడను దెబ్బతీసి లోపలికి వచ్చారు. మట్టికోట పోయాక, రాతికోట ఇంకా చేతిలో ఉండగానే, ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. కోట బలమంతా రాతిలోనే లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? 1323లో ఉలుగ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు పడిపోవడంతో కాకతీయ రాజ్యం ముగిసింది. ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున మరణించాడని 1330 నాటి విలస తామ్రశాసనం చెబుతోంది.

ఆ మట్టికోట ఇవాళ ఎలా ఉంది? కొన్ని చోట్ల తుమ్మచెట్ల మధ్య ఇంకా గంభీరంగానే నిలబడింది. కొన్ని చోట్ల కరిగి దిబ్బలా మిగిలింది. కొన్ని చోట్ల ఇళ్లు దాని భుజం మీదికి ఎక్కాయి. ఒక ఉదయం మోతిని చూసి గొర్రెలు బెదరకుండా పక్కకు తప్పుకున్నప్పుడు, కాపరి పెద్దాయన ఒకాయనతో మాట కలిసింది. “సారూ, మా తాతల నాడు ఈ కట్ట ఇంకో నిలువెత్తు ఉండెనట. మన్నే గదా అని తలా ఓ బండెడు తీస్కపోయిన్రు” అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. ఢిల్లీ సైన్యం ఎంతో కష్టపడి చేసిన పనిని మనం మన్నే కదా అనుకుంటూ తీరిగ్గా చేస్తున్నాం. రాయి పోతే దొంగతనం అంటాం. మట్టి పోతే ఎవరికీ పట్టదు.

చట్టం లేక కాదు. 1958 నాటి చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తీసుకునే కట్టాలి. రక్షిత కట్టడాన్ని పాడుచేసిన వారికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇన్ని ఉన్నా ఏడున్నర కిలోమీటర్ల కట్ట పొడుగునా కాపలావాణ్ణి నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. రోజూ అటు నడిచేవాళ్ల కళ్లే దానికి కాపలా. తీరిక, అర్జీ రాసే అలవాటు, ఏ కాగితం ఏ ఆఫీసుకు పోవాలో తెలిసిన అనుభవం మన దగ్గరున్నంతగా ఇంకెవరి దగ్గరుంటుంది చెప్పండి!

కుక్కతో వెళ్లదలచిన మిత్రులకు నాలుగు మాటలు. రేబిస్ టీకా వేయించిన కుక్కనే తీసుకెళ్లండి. గొలుసు వదలవద్దు, దారిలో గొర్రెలు, బర్రెలు, ఊరకుక్కలు ఉంటాయి. అది దొడ్డికి వెళితే ఎత్తడానికి పాత న్యూస్ పేపరు వెంట ఉంచుకోండి. ఎండాకాలం ఎనిమిదిలోపు ఇల్లు చేరాలి. రాయి, తారు కాలితే మన చెప్పులకు తెలియదు గాని దాని పాదాలకు తెలుస్తుంది. ఒక సీసా నీళ్లు మీకు, ఒకటి దానికి. గుడి ముందు, తోరణాల ఆవరణ ముందు అది బయటే ఉండాలి కనుక, తోడుగా మనవణ్ణో మనవరాలినో తీసుకెళితే ఒకరు లోపలికి, ఒకరు కాపలాకు సరిపోతారు. పిల్లలకు చరిత్ర పాఠం కూడా అవుతుంది.

క్రీడాభిరామంలో గోవింద మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ ఒక రోజంతా తిరిగారు. అప్పటి నగరం మనకు తెలియడానికి ఆ తీరికైన నడక ఎంతో ఉపయోగపడింది. మన తర్వాతి వాళ్లకు మట్టికోట తెలియాలంటే మనమూ నడవాలి. వచ్చే కార్తీకంలో వనభోజనాలకు వెళ్లే ముందు, సంఘం తరఫున ఒక ఉదయం మట్టికోట చుట్టూ నడక పెట్టుకుందామని ప్రతిపాదిస్తున్నాను. ఎక్కడ కట్ట తెగిందో, ఎక్కడ మన్ను తవ్వుతున్నారో రాసుకుని, సంబంధిత అధికారులకు అందరం సంతకాలు చేసి ఇద్దాం. రాగలిగిన వాళ్లు కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వండి.