గేమింగ్ పీసీ అప్‌గ్రేడ్: ప్రాసెసర్ కోసం అరకు నుంచి విశాఖ దిగే ముందు ఇవి చూసుకోండి

అరకులోయ నుంచి విశాఖపట్నం ద్వారకానగర్‌లోని కంప్యూటర్ షాపులకు దాదాపు 115 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్ దిగి, ఎస్.కోట మీదుగా వెళ్లి రావడానికే రోజంతా పోతుంది. అంత కష్టపడి తెచ్చిన ప్రాసెసర్ మదర్‌బోర్డులో పనిచేయకపోతే? సీల్ తీసిన డబ్బాను వెనక్కి తీసుకోమంటే షాపువాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. అందుకే కొండమీద పీసీ ఉన్నవాళ్లు ఏ ప్రాసెసర్ స్పీడ్ ఎక్కువన్నది తర్వాత చూసుకోవచ్చు. తమ బోర్డుకు ఏది సరిపోతుందో ముందు తేల్చుకోవాలి.

అసలు తప్పు ప్రాసెసర్‌దేనా?

గేమ్ ఆగి ఆగి నడిస్తే చాలామంది ముందు ప్రాసెసర్‌నే అనుమానిస్తారు. మొబైల్ హాట్‌స్పాట్‌ మీద ఆడేవాళ్లు ఇక్కడ కాస్త జాగ్రత్తగా చూడాలి. ఎఫ్‌పీఎస్ అంకె నిలకడగానే ఉండి, ఎదుటి ప్లేయర్ మాత్రం ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతుంటే అది నెట్ సమస్య. ఎంత ఖరీదైన ప్రాసెసర్ పెట్టినా పింగ్ తగ్గదు. ఎఫ్‌పీఎస్ అంకే పడిపోతుంటే అప్పుడు పీసీని చూడాలి.

దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. గేమ్‌లో రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగిందంటే బరువు గ్రాఫిక్స్ కార్డు మీద ఉన్నట్టు, ప్రాసెసర్ మార్చినా పెద్దగా లాభం ఉండదు. అంకె కదలకుండా అక్కడే ఉంటే ప్రాసెసర్ వెనకబడుతోందన్నమాట. ర్యామ్ కూడా ఒకసారి చూసుకోండి. 8 జీబీ స్టిక్ ఒక్కటే ఉంటే, రెండోది జత చేసినా చాలా గేములు సాఫీగా నడుస్తాయి.

సాకెట్ ఒకటే, కానీ పనిచేయదు!

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఇంటెల్ 6, 7 తరాల ప్రాసెసర్లకు, 8, 9 తరాల ప్రాసెసర్లకు సాకెట్ పేరు ఒకటే, ఎల్‌జీఏ 1151. కానీ 8, 9 తరాలవి 300 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల మీదే పనిచేస్తాయి. పాత హెచ్110, బీ250 బోర్డులో పెడితే చక్కగా కూర్చుంటుంది, పీసీ మాత్రం ఆన్ అవదు. కాబట్టి ఇంట్లో 7వ తరం ఐ3 ఉన్నవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో 9వ తరం ఐ5 చవగ్గా దొరికిందని కొనేస్తే బోర్డు కూడా కొనాల్సిందే. ఆ తర్వాత 10, 11 తరాలకు ఎల్‌జీఏ 1200 సాకెట్, 12, 13, 14 తరాలకు ఎల్‌జీఏ 1700 సాకెట్ వచ్చాయి.

ఏఎండీ బోర్డున్నవాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఉన్నట్టే. 2017లో మొదటి రైజెన్లతో జనంలోకి వచ్చిన ఏఎం4 సాకెట్‌లోనే 5000 సిరీస్ దాకా నడిచాయి. 2022 నుంచి పాత ఏ320, బీ350 బోర్డులకు కూడా కొత్త బయోస్‌తో 5000 సిరీస్ సపోర్ట్ ఇచ్చారు. అంటే పాత రైజెన్ 3 పీసీలో రైజెన్ 5 5600 వేస్తే బోర్డు, ర్యామ్ రెండూ మిగిలిపోతాయి. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఇది చిన్న లాభమేం కాదు. కొత్త ఏఎం5 సాకెట్‌కు వెళ్తే డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. 96 ఎంబీ క్యాష్ ఉన్న 5700ఎక్స్3డీ ఏఎం4లో గేములకు మంచి చిప్పే, కానీ కొత్తవి దొరకడం కష్టమైపోయింది.

బోర్డు పేరు తెలియకపోతే విండోస్ సెర్చ్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, బేస్‌బోర్డ్ ప్రాడక్ట్ అనే వరుస చూడండి. ఆ పేరుతో కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ దొరుకుతుంది. కొనబోయే చిప్ అందులో ఉందా, ఏ బయోస్ వెర్షన్ కావాలి అన్నది అక్కడే తేలిపోతుంది. షాపువాడి మాట కంటే ఈ లిస్టే నమ్మకం.

కరెంటు పోతే బోర్డు పోయినట్టే

కొత్త ప్రాసెసర్‌కు బయోస్ అప్‌డేట్ కావాల్సి వస్తే, అది పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే చేయాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. గాలివానకు చెట్టు కూలి లైన్ తెగే ఏజెన్సీ ఊళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. యూపీఎస్ లేకుండా, అదీ వానాకాలంలో, బయోస్ జోలికి వెళ్లకపోవడమే మేలు. షాపులో చేయించాలంటే క్యాబినెట్ మోసుకెళ్లక తప్పదు. అప్పుడు బరువైన గ్రాఫిక్స్ కార్డును విప్పి విడిగా పట్టుకెళ్లాలి, లేకపోతే ఘాట్ మలుపుల కుదుపులకు స్లాట్ దెబ్బతింటుంది.

చిప్ ఎంత కరెంటు తింటుందన్నదీ ముఖ్యమే. ఐ5 12400ఎఫ్ గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. కొన్ని ఐ9 కే మోడళ్లు 253 వాట్ల దాకా లాగుతాయి. చిన్న యూపీఎస్ ఆ బరువు మోయలేదు. పైగా 13, 14 తరాల్లో కొన్ని ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లు అధిక వోల్టేజ్ వల్ల పాడవుతుంటే, 2024 ఆగస్టులో కంపెనీ మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. సెకండ్ హ్యాండ్‌లో అలాంటివి తీసుకునేవాళ్లు బిల్లు అడగండి.

పేరు చివరి అక్షరాన్నీ వదలొద్దు. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే చిప్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండవు. రైజెన్ 5600కూ ఉండవు. రేపు గ్రాఫిక్స్ కార్డు రిపేర్‌కు విశాఖ పంపితే, అది తిరిగొచ్చేదాకా మానిటర్ నల్లగా ఉండాల్సిందే. 5600జీలో సొంత గ్రాఫిక్స్ ఉన్నాయి గానీ క్యాష్ సగమే, 16 ఎంబీ. విడిగా మంచి కార్డు ఉన్నవాళ్లకు 5600 మేలు. కార్డు లేనివాళ్లకు 5600జీ.

చలిలో కూలర్ పీకొద్దు

అరకు వాతావరణం పీసీకి మంచిదే. గది పది డిగ్రీలు చల్లగా ఉంటే చిప్ వేడీ దాదాపు అంతే తగ్గుతుంది. 65 వాట్ల చిప్‌కు డబ్బాలో వచ్చే కూలరే సరిపోతుంది, లిక్విడ్ కూలర్ దండగ. ఇబ్బంది అంతా పాత కూలర్ తీసేటప్పుడే. చలికి థర్మల్ పేస్ట్ బిగుసుకుంటుంది. ఏఎం4లో కూలర్‌ను ఒక్కసారిగా లాగితే ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని సాకెట్ నుంచి ఊడొచ్చి, అడుగున పిన్నులు వంగుతాయి. ముందు ఏదైనా గేమ్ పది నిమిషాలు నడిపి, ఆఫ్ చేసి ప్లగ్ తీసేసి, వేడి ఉండగానే కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి. ఇంటెల్‌లో పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, అక్కడ వేలు తగలనివ్వకూడదు.

విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్ 8వ తరం, లేదంటే రైజెన్ 2000 సిరీస్, ఆపైవి కావాలి, టీపీఎం 2.0 కూడా ఉండాలి. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాల్సిందే. కొత్త ప్రాసెసర్ వేశాక గేమ్ తెరుచుకోకపోతే బయోస్‌లో ముందు ఈ రెండు సెట్టింగులు చూడండి, చిప్ పాడైందని మళ్లీ బస్సెక్కకండి.