సంతానకాంక్షయు గృహస్థుని శక్తియు

సంతానము లేని దంపతుల దుఃఖమును గూర్చి లోకము విస్తారముగా మాటలాడును. ఆ సంతానముకొఱకు ఎంతవఱకు వ్యయము చేయవచ్చునను ప్రశ్నను గూర్చి మాత్రము ఆలుమగలు సైతము తమలో దాము మాటలాడుకొనుటకు జంకుదురు. "డబ్బునకు వెనుదీసి వంశమును పోగొట్టుకొందురా?" యను బంధువుల మాటకు వెఱచి, నగలమ్మి, పొలము కుదువబెట్టి, వైద్యాలయములచుట్టు తిరుగుచున్న మధ్యతరగతి కుటుంబములు నేడు మన పట్టణములలో ననేకములు గలవు. ఈ చిక్కు నవీనవైద్యముతో బుట్టినదని కొందఱు తలంతురు. వైద్యము నవీనమేగాని చిక్కు ప్రాచీనము. "ఎంతవఱకు?" అను ప్రశ్నకు ఒక్కొక్క కాలమువా రొక్కొక్క విధముగా బదులు చెప్పిరి. ఆ బదుళ్ళను వరుసగా బరిశీలించుట నేటి గృహస్థునకు మేలుచేయును.

'పుత్' అను నరకమునుండి త్రాణము చేయువాడు గావున బుత్రుడనెడి వ్యుత్పత్తిని మనుస్మృతి చెప్పినది. ఈ యొక్క వ్యుత్పత్తి మనదేశమున జేయించిన వ్యయమునకు మితిలేదు. దశరథుడు పుత్రకామేష్టి చేసెను. ఆయన కోసలాధీశుడు, వలసిన ధనము కోశాగారమున నుండెను. సామాన్యుడు నాగప్రతిష్ఠలు, మ్రొక్కుబడులు, తీర్థయాత్రలు చేసెను. రావిచెట్టు చుట్టు తిరుగుచు గడుపు తడవి చూచుకొన్నదను సామెత స్త్రీ యాతురతను బరిహసించుచున్నది గాని, ఆమె నట్లు తిరుగజేసిన భయమును బరిహసింపదు.

అయినను మన పూర్వులు హద్దు నెఱుగనివారు గారు. వంధ్యయైన భార్య యుండగా నెనిమిదవయేట మఱియొక భార్యను దెచ్చుకొనవచ్చునని మనువు చెప్పెను. అనగా ప్రయత్నమునకు గాలనియమ మేర్పడెను. కాని యా నియమము భారమంతయు స్త్రీపై మోపినది. దోషము పురుషునియం దున్నదేమో యను విచారణ లేకయే రెండవ పెండ్లి సాగెను. రెండవభార్యకును బిడ్డలు కలుగనప్పుడు గూడ మూడవదానికొఱకు వెదకిరే గాని మగని వైపు వ్రేలు చూపినవారు లేరు.

ఆ స్మృతియే పండ్రెండు విధముల పుత్రులను బేర్కొని, వారిలో దత్తపుత్రునకు దాయభాగము నొసగినది. కడుపున బుట్టనివాడును బుత్రుడే యని యంగీకరించుట మన ధర్మశాస్త్రములోని గొప్ప యుదారభావము. పదునేడవ శతాబ్దమున నందపండితుడు దత్తకమీమాంస యను ప్రత్యేకగ్రంథమునే రచించెను. 1854లో డల్‌హౌసీ ప్రభువు ఝాన్సీరాజ్యమును గలుపుకొన్నపుడు, దత్తపుత్రునకు రాజ్యార్హత లేదను వాదమునే యాధారము చేసికొనెను. దత్తత యింటి విషయము మాత్రమే కాదనియు, రాజ్యములను సైతము కదల్పగలదనియు దేశమున కపుడు బోధపడెను.

కాని దత్తతకును మితి కావలెను. ఇందులకు మన యాంధ్రదేశముననే ప్రబలమైన నిదర్శనము గలదు. అమరావతీ పట్టణమును నిర్మించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు సంతానహీనుడై యొకని దత్తత చేసికొని, యతడు జీవించియుండగనే మఱియొకని గూడ దత్తత చేసికొనెను. 1816లో నాయన మరణించినపిమ్మట నుభయ దత్తపుత్రుల పక్షములకు వ్యాజ్యెములు చెలరేగినవి. ఒక దత్తపుత్రుడు సజీవుడై యుండగా రెండవ దత్తత చెల్లదని ప్రీవీకౌన్సిలువారు తీర్పు చెప్పునప్పటికి 1846వ సంవత్సరము వచ్చెను. ముప్పది యేండ్లు! అంతటి సంస్థానమును వ్యాజ్యెముల పాలుచేసినది సంతానము లేకుండుట కాదు. ఎచ్చట నాగవలెనో యెఱుగకుండుట.

ఇక విజ్ఞానశాస్త్ర చరిత్రకు వత్తము. 1677లో లేవెన్‌హూక్ అను డచ్చిదేశస్థుడు సూక్ష్మదర్శినితో శుక్రకణములను గనుగొనెను. స్తన్యజంతువుల యండమును ఫాన్ బేయర్ పండితుడు 1827లో గాని చూడలేదు. బీజమును క్షేత్రమును వేర్వేఱుగా బరీక్షించుట కప్పటికి దారి యేర్పడెను. దంపతులకు సంతానము కలుగకుండుటకు స్త్రీలోని దోషమెంత కారణమో పురుషునిలోని దోషమును దాదాపు నంతియే కారణమని నేటి వైద్యులు చెప్పుచున్నారు. వేలయేండ్లు 'గొడ్రాలు' అను నిందను మోసిన స్త్రీజాతికి ఇంతకు మించిన సాక్ష్యమేమి కావలెను?

1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామున, ఎడ్వర్డ్స్, స్టెప్టో, జీన్ పర్డీ యనువారి కృషివలన, గర్భము వెలుపల ఫలదీకరణము నొందిన తొలిబిడ్డ జన్మించెను. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో వైద్యుడు సుభాష్ ముఖోపాధ్యాయుడు స్వల్పపరికరములతోనే యట్టి బిడ్డను లోకమునకు దెచ్చెను. ప్రభుత్వము నియమించిన సంఘ మాయన మాటను నమ్మక త్రోసివేసెను. అవమానభారము నోర్వలేక 1981లో నాయన ప్రాణము తీసికొనెను. 1986లో బొంబాయిలో నట్టి ఫలితమునే సాధించిన బృందమునకు జెందిన ఆనందకుమారుడే పిమ్మట నాయన వ్రాతలను బరిశీలించి, తొలి కీర్తి ముఖోపాధ్యాయునిదే యని చాటెను. 1992లో నొక్క శుక్రకణమునే యండములోనికి సూదితో జొప్పించు 'ఇక్సీ' పద్ధతి సఫలమై, పురుషదోషమునకును మార్గము దొరకెను.

ఇట్లు ద్వారములు తెఱచుకొన్నవి గాని వానిలోనికి బోవుటకు వెల గలదు. మన దేశమున ఐవీఎఫ్ చికిత్స యొక విడతకు సాధారణముగా లక్షరూపాయలకు బైమాటయే; తఱచు రెండు లక్షలును దాటుచున్నది. ఫలము నిశ్చయము గాదు. బ్రిటిషువారి లెక్కలను జూడగా, ముప్పదియైదేండ్లలోపు స్త్రీలకు సైతము ప్రవేశపెట్టిన పిండములలో మూడింట నొకవంతు మాత్రమే ప్రసవమువఱకు వచ్చుచున్నవి. నలువది దాటినవారికి పదింట నొకటి వచ్చుటయు గష్టమే. ఆ దేశపు వైద్యప్రమాణముల సంస్థ 2013లో, నలువది యేండ్లలోపు స్త్రీలకు మూడు విడతలును, నలువది మొదలు నలువదిరెండువఱకు నొక్క విడతయు మాత్రమే ప్రజాధనముతో జేయవచ్చునని సలహా యిచ్చెను. సంపన్నమైన ప్రభుత్వమే లెక్క గట్టుకొని హద్దు పెట్టుకొనగా, నెలజీతముమీద బ్రదుకు గృహస్థుడు లెక్క గట్టుకొనుట పిసినితనమగునా?

మన దేశమున 2021 నాటి చట్టము వైద్యాలయములకు నమోదును విధించి, చికిత్సకు స్త్రీకి ఏబదియు, బురుషునకు ఏబదియైదును వయఃపరిమితిగా నిర్ణయించెను. కాని యే చట్టమును గృహస్థుని ధనమునకు బరిమితి విధింపజాలదు. అది దంపతులే చేసికొనవలసిన పని.

ఆ పని చికిత్సకు ముందే జరుగవలెను. ఒక విడత విఫలమైన మఱునాడు మనస్సు శోకముతో నిండియుండును. "ఇంకొక్కసారి" యను మాట యప్పుడు మిక్కిలి తేలికగా దోచును. ఇదివఱకు పోయిన రెండు లక్షలు వ్యర్థము కాకూడదని మఱి రెండు లక్షలు దెచ్చుట జూదరి తర్కమేగాని గృహస్థుని తర్కము గాదు. కావున దంపతులు ప్రశాంతముగా గూర్చుండి, ఎన్ని విడతలు, ఎంత సొమ్ము, ఏ వయస్సువఱకు అను మూడింటిని నిశ్చయించుకొని కాగితముపై వ్రాసికొనుట యుత్తమము. అప్పుచేసి వడ్డీ గట్టుచు బెంచవలసివచ్చిన బిడ్డకు బాలును జదువును గఱవగును గదా!

పురుషుని పరీక్ష మొట్టమొదట జరుగవలెను. కొలదిపాటి సొమ్ముతో నగు నా పరీక్షకు సిగ్గుపడి, భార్యను నెలల తరబడి సూదులకు మందులకు లోబఱచుట యధర్మము. మన దేశమున క్షయరోగము స్త్రీల యండవాహికలను మూసివేయుట గలదు. అట్టి కారణములను ముందు వెదకి చికిత్స చేయింపవలెను. ఇక నాపుద మని చెప్పుట కిరువురకును సమానమైన హక్కుండవలెను. సూదిపోటులును మందుల బాధయు నామె దేహమునకే గనుక, భార్య చాలునన్నచో నామాటకే హెచ్చు విలువ నీయవలెను. మనువు విధించిన యెనిమిదేండ్ల గడువు స్త్రీ నడుగకయే నిర్ణయింపబడినది. మన మేర్పఱచుకొను గడువు ఆమె నోట వచ్చినదై యుండవలెను.

ఆగుట యనగా నిరాశ యని యర్థము గాదు. 1956 నాటి దత్తతచట్టము ఆడుబిడ్డను గూడ దత్తత చేసికొనవచ్చుననియు, భార్య సమ్మతి లేక భర్త దత్తత చేసికొనరాదనియు శాసించెను. ఒక పుత్రుడుండగా వేఱొక పుత్రుని దత్తత చేసికొనరాదను నియమము నందును గలదు. వాసిరెడ్డివారి వ్యాజ్యెము నేర్పిన పాఠము వృథాపోలేదు. 2010లో వివాహితస్త్రీకి గూడ భర్త సమ్మతితో దత్తత చేసికొను హక్కు లభించెను. 2015 నాటి బాలన్యాయచట్టము ననుసరించి యే మతమువారైనను అనాథశిశువును స్వీకరింపవచ్చును. దరఖాస్తు చేసినవారు కొన్ని యేండ్లు వేచియుండవలసి వచ్చుచున్నది. కావున చేతనున్న దంతయు వ్యయమై వయస్సు మీఱినపిమ్మట గాక, శక్తియు నుత్సాహమును మిగిలియుండగనే యీ మార్గమును గూర్చి యాలోచించుట వివేకము.

బిడ్డలు లేకయే యన్యోన్యముగా జీవించు దంపతులును లోపము గలవారు గారు. వారిని శుభకార్యములనుండి తొలగించుటయు, బలుకరించినప్పుడెల్ల "విశేషమేమైన గలదా?" యని యడుగుటయు మనము మానుకొనవలసిన దుష్టాచారములు. ఎన్నియో కుటుంబములను ఋణములోనికి ద్రోయుచున్నది వైద్యుని చీటీకంటె నీ ప్రశ్నయే. దంపతులు వైద్యమునకు హద్దు నేర్పఱచుకొందురుగాక. వారి నడుగు ప్రశ్నలకు బంధువులమైన మనము ముందుగా హద్దు నేర్పఱచుకొందము.