వ్రాయని సంగీతము: కీత్ జారెట్ పియానో కచేరీలు

మన కచేరీలలో కీర్తన వేరు, దానికి ముందు గాయకుడు చేయు రాగాలాపన వేరు. కీర్తన పెద్దలు కూర్చి యిచ్చినది. ఆలాపన ఆ క్షణమున గాయకుని మనస్సున పుట్టునది. మొదటిదానిని కల్పిత సంగీతమనియు, రెండవదానిని మనోధర్మ సంగీతమనియు మనవారు వ్యవహరింతురు. పాశ్చాత్యులకు ఈ రెండవది లేదనియు, వారు కాగితముపై నున్నదానినే తు.చ. తప్పక వాయింతురనియు మనలో పెక్కుమంది అభిప్రాయము. మేమును చాలకాలము అట్లే తలంచితిమి. అది సరికాదని తెలియుటకు ఒక్క వాద్యకారుని చరిత్ర చాలును.

ఐరోపాలో బాఖ్, మొజార్ట్, బీథోవెన్ ప్రభృతులు గొప్ప రచనలు చేసినవారే కాక, అప్పటికప్పుడు కల్పించి వాయించుటలోను ప్రసిద్ధులు. 19వ శతాబ్దమున ముద్రిత స్వరపత్రమునకు గౌరవము పెరిగినకొలది ఈ విద్య కచేరీ వేదికపై క్రమముగా సన్నగిల్లెను. చర్చీలలో ఆర్గన్ వాయించువారు మాత్రము దానిని విడువలేదు. 20వ శతాబ్దమున అమెరికాలోని నల్లజాతివారు పెంచిన జాజ్ సంగీతము దానికి మరల ప్రాణము పోసెను. అయితే జాజ్‌నందు సాధారణముగా ఒక పాట ఆధారముగా నుండును. ప్రక్కన డ్రమ్ములు, బాస్ తోడుగా నుండును. పాట లేక, తోడు లేక, ఒక్కడే పియానో ముందు కూర్చుండి సభనంతయు నడుపుట మిక్కిలి అరుదు. ఆ సాహసము చేసినవారిలో కీత్ జారెట్ ముఖ్యుడు.

ఈయన 1945 మే 8వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున అలెన్‌టౌన్ పట్టణమున జన్మించెను. మూడేండ్లు నిండకముందే పియానో పాఠములు ఆరంభమాయెను. ఏడవ యేట సభలో బాఖ్, మొజార్ట్, బీథోవెన్ రచనలు వాయించి, చివర తన స్వంత కూర్పులు రెండు వినిపించెను. యౌవనమున న్యూయార్కు చేరి ఆర్ట్ బ్లేకీ, చార్లెస్ లాయిడ్ బృందములలో పనిచేసెను. లాయిడ్ బృందముతో 1967లో సోవియట్ దేశమునకును పోయి వచ్చెను.

పియానో యొక్కటితో ఆయన తృప్తి చెందలేదు. సోప్రానో శాక్సోఫోన్, గిటారు, పిల్లనగ్రోవి, ఆర్గన్, డ్రమ్ములు అన్నియు చేపట్టెను. 1968లో ‘రెస్టొరేషన్ రూయిన్’ అను రికార్డుకై తానే పాడి, వాద్యములను ఇంచుమించు అన్నింటిని తానే వాయించెను. 1970, 71 సంవత్సరములలో మైల్స్ డేవిస్ బృందమున విద్యుత్ పియానో, ఆర్గన్ వాయించెను.

ఇన్ని వాద్యములు చేతనైనవాడు 1971 నవంబరులో నార్వే రాజధాని ఆస్లోలో పియానో ముందు ఒంటరిగా కూర్చుండి ‘ఫేసింగ్ యు’ అను రికార్డు చేసెను. దానిని మన్‌ఫ్రెడ్ ఐకర్ జర్మనీలో నడుపు ఇ.సి.ఎం. సంస్థ వెలువరించెను. విద్యుత్ వాద్యములకు ఆయన దాదాపు స్వస్తి చెప్పెను. శాక్సోఫోనును మాత్రము తన బృందమున మరికొన్నేండ్లు వాయించుచునే యుండెను. 1973లో బ్రెమెన్, లొజాన్ నగరములలో, ఏమి వాయింపవలెనో ముందుగా నిశ్చయించుకొనక చేసిన కచేరీలతో ఆయన మార్గము లోకమునకు తేటపడెను.

ఇక 1975 జనవరి 24వ తేదీ రాత్రి సంగతి. స్థలము జర్మనీలోని కొలోన్ నగర ఆపెరా నాటకశాల. కచేరీ ఏర్పాటు చేసినది వేరా బ్రాండెస్ అను 18 ఏండ్ల యువతి. జారెట్ కోరినది బోసెన్‌డోర్ఫర్ వారి పెద్ద పియానో. వేదికపై నున్నదో, ఒక చిన్న పియానో. దాని తారస్థాయి పలుచగా, కర్కశముగా పలుకును. మంద్రమునకు బలము లేదు. కాలి పెడళ్లు సరిగా పనిచేయవు. ఆయనకు నడుమునొప్పి, ప్రయాణపు బడలిక. వాయింపనని చెప్పివేసెను. ఆ యువతి ఎంతో ప్రాధేయపడగా ఒప్పుకొనెను. పనివారు గంటల తరబడి శ్రమించి పియానోను ఒకపాటి శ్రుతికి తెచ్చిరి. రాత్రి పదకొండున్నరకు 1,400కు పైగా శ్రోతల యెదుట కచేరీ ఆరంభమాయెను.

ఆయన పలుకని స్థాయిలను పలికింప ప్రయత్నింపలేదు. కుడిచేయి ముఖ్యముగా మధ్యస్థాయిలో సంచరించెను. ఎడమచేయి ఒక చిన్న వరుసను మరల మరల త్రిప్పుచు, లేని మంద్రబలమును పూరించెను. ఆ రాత్రి సంగీతము సుమారు 66 నిమిషముల రికార్డుగా వెలువడి, 30 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయెను. పియానో యొక్కదానితోనే చేసిన రికార్డులలో ఇంతగా అమ్ముడుపోయినది మరియొకటి లేదందురు.

దానిని స్వరపరచి అచ్చువేయుటకు జారెట్ చాలకాలము అంగీకరింపలేదు. తుదకు 1991లో ప్రతి వెలువడినప్పుడును, వాయింపగోరువారికి రికార్డే తుది ప్రమాణమని సూచించెను. జీవితమంతయు కాగితములతో గడపిన గుమాస్తాలమగు మాకు ఇది వింతగా తోచెను. వ్రాతలో లేనిది లేనట్లేయని కదా మా ఉద్యోగధర్మము! కాని రికార్డు నాలుగైదు మారులు విన్న పిమ్మట మాకొకటి బోధపడెను. ఆ రాత్రి ఆయన ముందు కాగితము లేకున్నను, మూడవ యేటినుండి చేసిన సాధన చేతులలో నుండెను. మన విద్వాంసుని ఆలాపన వెనుక సరళీ వరుసలు లేవా?

ఇతర వాద్యములపై ఆయనకు మమకారము పోలేదు. 1985లో ఇంటనే ఒంటరిగా పిల్లనగ్రోవులు, తబలా మున్నగువానితో ‘స్పిరిట్స్’ అను రికార్డు చేసెను. 1996లో తీవ్రమైన నిస్సత్తువ వ్యాధిచే కచేరీలు మానవలసివచ్చెను. కొన్నేండ్లకు కోలుకొని మరల ఏకాకి కచేరీలు చేసెను. 2017లో న్యూయార్కు కార్నెగీ హాలులో చివరిసారి వాయించెను. 2018లో రెండుమారులు పక్షవాతము వచ్చి ఎడమప్రక్క చచ్చుబడెను. మరల సభలో వాయించు ఆశ లేదని 2020లో తెలిపెను. కొలోన్‌లో మంద్రమునకు బదులు నిలిచినది ఆ ఎడమచేయియే.

తరతరములుగా ఇతర భాషా ప్రాంతములలో స్థిరపడిన మనకు ఈ చరిత్రతో పనియేమని ఎవరైన అడుగవచ్చును. మన చేతనున్న తెలుగును అన్ని స్థాయిలు పలుకని వాద్యమే. పెక్కుచోట్ల బడిలో తెలుగు లేదు. మన పిల్లలలో అనేకులకు లిపి రాదు. ఇంటి మాట, అవ్వ చెప్పు కథ, పెండ్లిపాట, ఇవే మనకు మిగిలిన మధ్యస్థాయి. లేనిదానికై వగచుచు కచేరీ మానుకొనుటకంటె, ఉన్నదానిని నిండుగా పలికించుట మేలు. అయితే సాధన లేనిదే మనోధర్మము లేదు. కావున ప్రతి యింట పెద్దలు పిల్లలతో తెలుగుననే మాటలాడి, రాత్రి భోజనమైన పిమ్మట ఒక్క గడియ వారిచే అక్షరములు దిద్దింపవలెనని మా మనవి.