సముద్రం దాటిన పందికొక్కు

తెలుగు ఊళ్లలో తిండిపోతును తిట్టడానికి మాట కోసం వెతుక్కోనక్కర్లేదు. పక్కవాడికి మిగల్చకుండా తినే పిల్లాణ్ని చూసి అమ్మమ్మ ‘పందికొక్కులా మెక్కుతున్నావేంరా’ అంటుంది. ఎన్నికల సభలో అదే మాట మైకెక్కుతుంది. ప్రజల సొమ్ము పందికొక్కుల్లా మెక్కేశారని అటువాళ్లు ఇటువాళ్లను, ఇటువాళ్లు అటువాళ్లను తిట్టుకుంటారు. వినేవాళ్లలో ఎవరికీ అర్థం చెప్పే పని ఉండదు. వడ్ల పురి కింద బొరియలు, మట్టిగోడ పునాదిలో కన్నాలు, రాత్రిపూట చూరు కింద గురగురలు తెలిసినవాళ్లకు ఆ తిట్టులోని బరువు తెలుసు.

ఆస్ట్రేలియాలో ఇదే పేరుతో వేరే రకం నానుళ్లున్నాయి. అక్కడి పల్లె ఇంగ్లీషులో చేతిలో చిల్లిగవ్వ లేనివాణ్ని ‘బ్యాండికూట్ అంత పేదవాడు’ అంటారు. దిగులుగా ఉన్నవాడు ‘బ్యాండికూట్ అంత దిగులుగా’ ఉన్నాడంటారు. నా అన్నవాళ్లు లేక ఒంటరిగా మిగిలినవాడు ‘కాలిపోయిన గుట్ట మీద బ్యాండికూట్‌లా’ మిగిలాడంటారు. కార్చిచ్చు పొదలన్నీ తినేసి పోయాక, దాక్కునే చోటు లేక నల్లటి నేల మీద నిలబడిపోయిన ఓ చిన్న జంతువు ఆ మాటలో కళ్లకు కడుతుంది.

ఆ బ్యాండికూట్ పేరు మన పందికొక్కే. ఇక్కడ బలిసి, దోచుకు తినే జంతువు పేరు అక్కడికి చేరేసరికి లేమికి, ఒంటరితనానికి గుర్తయింది. ఒక మాట ఇల్లు వదిలి అంత దూరం వెళ్తే అర్థం ఎలా తిరగబడుతుందో చూడ్డానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

ముందు మాట సంగతి చూద్దాం. కొక్కు అంటేనే పెద్ద ఎలుక. బెదిరితే పందిలా గుర్రుమంటుంది, పందిలాగే నేల తవ్వుతుంది, ఒంటి మీద బిరుసు వెంట్రుకలుంటాయి. అందుకే పందికొక్కు. పెద్దవి దాదాపు కిలో దాకా తూగుతాయి. ఈ జంతువు దేశంలో చాలాచోట్ల ఉంది గానీ పేర్లు వేరు. తమిళులు పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు, హిందీలో ఘూస్. ఈ మూడింటిలో దేన్ని ఎంత వంకర తిప్పినా బ్యాండికూట్ రాదు. ఇంగ్లీషువాళ్లు ఆ పేరును తెలుగు నోటి నుంచే విన్నారు. ‘ప’ కాస్తా ‘బ’ అయింది, ‘కొక్కు’ కాస్తా ‘కూట్’ అయింది.

ఎక్కడ విన్నారన్నది ఊహించడం కష్టం కాదు. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది 1611లో. మద్రాసులో కోట కట్టుకోవడానికి 1639లో చోటిచ్చింది దామెర్ల నాయకులు, తెలుగు పాలకులు. కంపెనీ గిడ్డంగుల్లో బట్టల మూటలు, ధాన్యం బస్తాలు. గిడ్డంగి ఉన్నచోట పందికొక్కు ఉంటుంది. గుమాస్తాలు, దుబాసీలు, కూలీలు దాన్ని తిట్టుకుంటూనే ఉంటారు. ఆ తిట్లు రోజూ వినే తెల్లదొర ఆ జంతువుకు వేరే పేరు వెతుక్కునే అవసరం ఏముంది?

కంపెనీ సైన్యంలోనూ తెలుగువాళ్లు ఎక్కువ. 1756లో రాబర్ట్ క్లైవ్ మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకెళ్లిన సిపాయిల వల్ల అక్కడ సిపాయికి ‘తిలంగా’ అనే పేరే స్థిరపడింది. ఒక జాతి పేరు ఒక వృత్తి పేరైపోయిందంటే ఆ మనుషులు ఎంతమంది కదిలారో చూడండి. మనుషులు కదిలితే మాటలూ కదులుతాయి.

అంతకు ముందు పరాయివాళ్లు పందికొక్కును చూడలేదని కాదు. 14వ శతాబ్దంలో మన దేశమంతా తిరిగిన ఇబ్న్ బతూతా, దేవగిరి కోట చెరసాలలో పిల్లుల కంటే పెద్ద ఎలుకలున్నాయని, వాటిని చూసి పిల్లులే పారిపోతాయని రాశాడు. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఇంగ్లీషు వైద్యుడు జాన్ ఫ్రయర్ ఇళ్ల కింద బొరియలు తవ్వే ఎలుకలను పందులతో పోల్చాడు. జంతువు వాళ్ల కంటపడింది, పేరు మాత్రం దొరకలేదు. 1780ల్లో హైదరాలీతో జరిగిన యుద్ధం గురించి ఇన్నెస్ మన్రో అనే సైనికాధికారి రాసిన పుస్తకం 1789లో అచ్చయ్యేనాటికి ఆ పేరు ఇంగ్లీషు అచ్చులోకి ఎక్కేసింది.

ఇవన్నీ పోగుచేసి పెట్టింది 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కలిసి చేసిన పని అది. మద్రాసు సివిల్ సర్వీసులో జడ్జిగా పనిచేసిన బర్నెల్ పుస్తకం చూడకుండానే 1882లో కన్నుమూశాడు. ఇండియాలో ఉన్న ఇంగ్లీషువాళ్ల నోళ్లలో నలిగిన మాటలకు, వాళ్ల వాడుక పలుకుబళ్లకు అది పెద్ద భాండాగారం. పుస్తకం పేరు కూడా అలాంటి మాటే. మొహర్రం ఊరేగింపులో ‘యా హసన్, యా హుసేన్’ అనే రోదన బ్రిటిష్ సోల్జర్ల చెవికి అలా వినబడింది. తెలియని శబ్దాన్ని తెలిసిన శబ్దంగా మార్చుకోవడాన్ని ఆ తర్వాత భాషావేత్తలు ‘హాబ్సన్-జాబ్సన్ సూత్రం’ అన్నారు. పందికొక్కు బ్యాండికూట్ కావడం ఆ సూత్రానికి చక్కగా ఒదిగే ఉదాహరణ. ఆ నిఘంటువు దీన్ని తెలుగు మాటేనని, ‘పంది-ఎలుక’ అని అర్థం చెప్పి మరీ రాసింది. తెలుగు భాషనే ‘జెంటూ’ అని పిలిచిన కంపెనీ వారసులు ఈ ఒక్క చోట మన పేరును మనకు సరిగ్గా ఇచ్చారు.

ఇక ఆస్ట్రేలియా. సిడ్నీలో ఖైదీల వలస పెట్టిన తొలి ఏళ్లలో ఆ ఊరికి కలకత్తా నుంచి కూడా సరుకుల ఓడలు వచ్చేవి. 1796 నవంబరులో కలకత్తాలో బయలుదేరిన ‘సిడ్నీ కోవ్’ అనే ఓడ మరుసటి ఏడు ఫిబ్రవరిలో టాస్మేనియా దగ్గరి దీవుల్లో బద్దలైంది. బతికినవాళ్లలో కొందరు, అందులో భారతీయ నావికులూ ఉన్నారు, వందల మైళ్లు తీరం వెంట నడిచి సిడ్నీ వైపు వచ్చారు. చివరికి చేరినవాళ్లు ముగ్గురే. దారిలో బొగ్గు కనబడిందని వాళ్లు చెబితే దాన్ని చూసి రావడానికి వెళ్లినవాడు జార్జ్ బాస్, ఓడ వైద్యుడు. టాస్మేనియాకూ ఆస్ట్రేలియాకూ మధ్య ఉన్న జలసంధికి ఈయన పేరే పెట్టారు. 1799లో ఈ బాస్, అక్కడ పొడుగాటి ముక్కుతో నేల తవ్వుతున్న ఒక చిన్న జంతువును బ్యాండికూట్ అన్నాడు. కొత్త నేల మీద కొత్త జంతువు. నోటికి వచ్చింది ఇండియా ఓడలతో వచ్చిన మాట.

నిజానికి ఆ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. మనది ఎలుక జాతి. అక్కడిది కంగారూలాగా సంచి ఉన్న జంతువు. తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా దాని సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. గర్భం మోసేది పన్నెండు రోజుల చిల్లర మాత్రమే, పాలిచ్చే జంతువుల్లో ఇంత తక్కువ కాలం మోసేవి అరుదు. గింజలు దాచదు, గాదెలకు కన్నం వేయదు. రాత్రిపూట వచ్చి పురుగుల కోసం పచ్చికలో ముక్కు గుచ్చి, గరాటు ఆకారంలో చిన్న గుంటలు చేసి పోతుంది. శాస్త్రవేత్తలు మన జంతువుకు ఆ పేరే ఉంచారు. జాన్ ఎడ్వర్డ్ గ్రే 1873లో పందికొక్కుల ప్రజాతికి పెట్టిన పేరు బాండికోటా. లాటిన్ వేషం వేసుకున్నా లోపల ఉన్నది తెలుగే.

గాదె దోచే అలవాటు లేని జంతువుకు దోపిడీ అర్థం అంటదు కదా. అందుకే ఆస్ట్రేలియా వాడుకలో ఆ మాట దిగులు వైపు, లేమి వైపు వెళ్లింది. సన్నగా, బెదురుగా, పొదల్లో ఒంటరిగా తిరిగే ఆ ప్రాణిని చూసిన గొర్రెల కాపరులు, ఊరూరా పని వెతుక్కుంటూ తిరిగే కూలీలు తమ బతుకునే అందులో చూసుకున్నారనిపిస్తుంది. నానుడి పుట్టేది అలాంటి చోటే. ఎవరో పండితుడు కూర్చుని చేసింది కాదది.

అయితే ఒక విచిత్రం జరిగింది. ఆస్ట్రేలియా వాడుకలో ఆ పేరు క్రియ కూడా అయింది. పొరుగువాడి చేలో బంగాళాదుంప మొక్కను పీకకుండా, పైన ఆకు వాడకుండా, పక్కనుంచి చెయ్యి దూర్చి దుంపలు మాత్రం తవ్వుకుపోవడాన్ని ‘బ్యాండికూటింగ్’ అన్నారు. పొద్దున రైతు వచ్చి చూస్తే మొక్కలన్నీ పచ్చగా నిలబడే ఉంటాయి, కింద ఏమీ ఉండదు. ఈ అర్థం చదివినప్పుడు నాకు మన డెల్టా వరి చేలు గుర్తొచ్చాయి. కోతకొచ్చిన చేలో కంకులు కొరికి బొరియలోకి చేర్చేది పందికొక్కే. కోతలయ్యాక గట్లు తవ్వి ఆ గింజలు ఏరుకున్న పేదవాళ్లున్నారు. ఆ బొరియలు తవ్వడంలో, ఎలుకలు పట్టడంలో తరతరాల నేర్పున్న యానాదులున్నారు. తెలుగు పొలంలో పుట్టిన దొంగతనం అర్థం, ఆ పొలాన్ని ఎన్నడూ చూడని మనుషుల నోట మళ్లీ మొలిచింది. ఎవరూ మోసుకెళ్లింది కాదు. నేల కింద నుంచి తవ్వుకుపోయే జంతువును చూసి ఇక్కడి రైతుకు తట్టిందే అక్కడి రైతుకూ తట్టింది.

పంది కూడా తిరిగొచ్చింది. మధ్య ఆస్ట్రేలియా పొడి నేలల్లో ముందుకాళ్లకు రెండేసి వేళ్లతో, చూడ్డానికి పంది గిట్టల్లాంటి కాళ్లతో తిరిగే ఒక రకం ఉండేది. దానికి ఇంగ్లీషులో పంది కాళ్ల బ్యాండికూట్ అని పేరు పెట్టారు. ఆ పేరులో పంది రెండుసార్లుందని పెట్టినవాళ్లకు తెలిసి ఉండదు. 1838లో దానికి శాస్త్రీయ నామం పెట్టిన విలియం ఓగిల్బీ తోక లేనిది అనే అర్థం వచ్చే మాట చేర్చాడు, ఆయన చేతికొచ్చిన ఒక్క నమూనాకూ తోక ఊడిపోయి ఉండడం వల్ల. ఇప్పుడు ఆ పొరపాటు పేరే మిగిలింది, జంతువు లేదు. 20వ శతాబ్దంలో అంతరించిపోయింది.

ఇంగ్లీషుకు తెలుగు ఇచ్చిన మాటలు చాలా తక్కువ. తమిళం, మలయాళం, హిందీ ఇచ్చినన్ని మనం ఇవ్వలేదు. ఉన్నవాటిలో రెండో ముఖ్యమైనది ‘పిట్ట’. 1816లో ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త వీయో రంగురంగుల పక్షుల ప్రజాతి ఒకదానికి పిట్ట అనే పేరే పెట్టాడు. మనకు పిట్ట అంటే ఏ చిన్న పక్షైనా. ప్రపంచానికి అది ఆ ఒక్క కుటుంబం పేరు. కావ్యాల నుంచి, శాసనాల నుంచి వెళ్లిన మాటలు కావివి. పొలంలో తిరిగేవాడి నోట్లోంచి వెళ్లినవి. నాకు ఇందులో గర్వంగా అనిపించేది ఇదే.

పందికొక్కు ప్రయాణం అక్కడ ఆగలేదు. 1996లో అమెరికాలోని నాటీ డాగ్ సంస్థ ప్లేస్టేషన్ కోసం చేసిన ‘క్రాష్ బ్యాండికూట్’ ఆట ప్రపంచమంతా పిల్లల చేతికి చేరింది. ఆ ఆట ఆడిన తెలుగు పిల్లలు ఎంతోమంది. అది తమ నాయనమ్మ తిట్టే తిట్టేనని వాళ్లకు చెప్పినవాళ్లు తక్కువ. 2018లో కేరళకు చెందిన జెన్‌రోబోటిక్స్ యువకులు మ్యాన్‌హోల్‌లో మనిషి దిగే అవసరం లేకుండా శుభ్రం చేసే యంత్రం తయారుచేసి దానికి ‘బ్యాండికూట్’ అని పేరు పెట్టారు. మురుగులోకి దిగి ఊపిరాడక ప్రాణాలు పోగొట్టుకున్న కార్మికుల కథలు తెలిసినవాళ్లకు ఆ యంత్రం విలువ తెలుసు. పందికొక్కు పేరుకు ఇన్నేళ్లలో దక్కిన అన్నిటికంటే గౌరవమైన పని అది.

మళ్లీ ఆస్ట్రేలియా జంతువు సంగతికి వస్తే, అక్కడి విక్టోరియా రాష్ట్రంలో ఒంటి మీద చారలుండే ఒక బ్యాండికూట్ రకం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నక్కలు, పిల్లులు, గడ్డినేలలు పొలాలు కావడం అందుకు కారణాలు. 1980ల చివరికి అవి మిగిలింది హామిల్టన్ అనే ఊరి చుట్టుపక్కలే. ఊరి చెత్తకుప్పల్లో, పారేసిన పాత కార్ల కింద తలదాచుకున్నాయి. నానుడిలోని దిక్కులేని బ్యాండికూట్ అక్షరాలా నిజమైన రోజులవి. వాటిని పట్టి, పెంచి, కంచెలు వేసిన చోట్లలో, నక్కలు లేని దీవుల్లో వదిలారు. ముప్పై ఏళ్లకు పైగా సాగిన ఆ పనికి 2021లో ఫలితం దక్కింది. అడవిలో అంతరించిన జీవుల జాబితా నుంచి దాని పేరు తీసేశారు.

మెల్‌బోర్న్‌లో ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడికి దగ్గర్లోని ఫిలిప్ దీవికి పెంగ్విన్లను చూడ్డానికి మనవాళ్లు వెళ్తూనే ఉంటారు. ఆ చారల బ్యాండికూట్లు తిరిగే నేలల్లో ఆ దీవీ ఒకటి. ఈసారి వెళ్లినప్పుడు ఎక్కడైనా బోర్డు మీద బ్యాండికూట్ అని కనబడితే పిల్లల్ని ఆపండి. ఆ మాట మీ తాతయ్య పొలం నుంచి వచ్చిందని చెప్పి, ఒకసారి తెలుగులో పలికించండి.