గర్భిణులలో అసాధారణ పుట్టుమచ్చ తొలగింపు

అంచులు వంకరగా, రంగు ఒకచోట ముదురుగా ఒకచోట లేతగా ఉండే పుట్టుమచ్చను అసాధారణ పుట్టుమచ్చ అంటారు. వీటిలో ఎక్కువ భాగం హానిచేయవు. కొన్నింటిని మాత్రం మెలనోమా అనే చర్మ క్యాన్సర్ నుంచి వేరుచేసి చూడాలి. అమెరికా వైద్యుడు వాలెస్ క్లార్క్ బృందం 1978లో వీటిని వివరించింది.

గర్భంతో సాగే పొట్ట, రొమ్ములపై మచ్చ కొంత పెరగడం మామూలే. మరోచోట పెరిగినా, ఎక్కడైనా రంగు మారినా, రక్తం కారినా గర్భమే కారణమని వదిలేయకూడదు. భారతీయుల్లో మెలనోమా తరచూ అరికాలు, అరచేయి, గోళ్ల కింద వస్తుంది. పొలంలో చెప్పుల్లేకుండా నడిచేవారు పాదాలూ చూసుకోవాలి.

ఎప్పుడు తీయాలి?

అనుమానం బలంగా ఉంటే ఏ నెలలోనైనా తీస్తారు. లిడోకైన్ సూదితో మచ్చ ఉన్నచోటే మత్తిస్తారు, అది గర్భిణులకు సురక్షితమే. కొద్దివారాలు ఆగగలిగితే నాలుగు నుంచి ఆరో నెల అనుకూలం. అందం కోసమైతే కాన్పయ్యాకే. 20 వారాలు దాటితే పెద్ద రక్తనాళంపై గర్భాశయ భారం పడకుండా ఎడమ పక్కకు ఒరిగించి పడుకోబెడతారు.

తీసిన ముక్కను తప్పక పాథాలజీ పరీక్షకు పంపాలి. ఉదాహరణకు, కరీంనగర్ జిల్లా చొప్పదండిలోని గర్భిణికి చర్మవైద్యులు దగ్గర్లో దొరికేది కరీంనగర్‌లో. క్యాన్సర్ తేలితే హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.