భారత స్థావరాల నుంచి బర్మా వంతెనల వరకు: అమెరికన్ ఏడవ బాంబర్ దళ యుద్ధచరిత్ర (1942–45) – పరిశీలన

వ్యాససంగ్రహం:
రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికన్ వైమానిక సేనకు చెందిన ఏడవ బాంబార్డ్‌మెంట్ గ్రూప్ 1942 మార్చి నుంచి యుద్ధం ముగిసేవరకు భారతదేశంలో ఉండి పనిచేసింది. బర్మా, థాయిలాండ్‌లలోని జపాన్ సరఫరా మార్గాలు దాని ప్రధాన లక్ష్యాలు. ఆ దాడుల క్రమాన్ని, వంతెనలను కూల్చడంలో ఎదురైన సాంకేతిక సమస్యను ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ లక్ష్యాల చెంత బతికిన కూలీలకు చరిత్రరచనలో దక్కిన స్థానాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: బాంబర్ దళం, లిబరేటర్, బర్మా రైలుమార్గం, రంగూన్, యుద్ధఖైదీలు, వలస కూలీలు.

1. ఉపోద్ఘాతం

సైనిక దళాల చరిత్రలు చాలావరకు ఒకే పద్ధతిలో రాయబడ్డాయి. దళం ఎప్పుడు ఏర్పడింది, ఏయే స్థావరాల్లో ఉంది, ఎన్ని దాడులు చేసింది, ఎన్ని విమానాలు కోల్పోయింది, ఏ గుర్తింపు పొందింది అన్నవి వాటి ప్రధానాంశాలు. విమానంలో ఉన్నవారి పేర్లు, లక్ష్యం పేరు నమోదవుతాయి. లక్ష్యం దగ్గర ఉన్న మనుషుల ప్రస్తావన అరుదు.

తెలుగు పరిశోధకులకు ఈ లోటు పరాయి విషయం కాదు. రంగూన్ రేవు కూలీల్లో తెలుగువారిదే అధిక సంఖ్య. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగానే బర్మాలో వారికి ‘కోరంగీలు’ అన్న పేరు స్థిరపడింది. ఈ దళం బాంబులు వేసిన ప్రాంతాల్లో మనవారూ ఉన్నారు. ఏడవ బాంబర్ దళ చరిత్రను ఆ దృష్టితో చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. దళం పూర్వాపరాలు

ఏడవ దళం మూలాలు 1919 నాటివి. 1941 చివర ఫిలిప్పీన్స్‌కు బయలుదేరిన ఈ దళాన్ని యుద్ధం దారిలోనే ఎదుర్కొంది. డిసెంబర్ 7న దీని బి-17 విమానాలు కొన్ని, జపాన్ దాడి సాగుతుండగానే హవాయి చేరుకున్నాయి. ఓడలో వెళ్లిన నేల సిబ్బందిని ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు మళ్లించారు. 1942 జనవరి మధ్య నుంచి మార్చి ఆరంభం వరకు జావా రక్షణకు పోరాడిన దళం, ఆ ద్వీపం జపాన్ వశమవుతున్న తరుణంలో భారతదేశానికి తరలివచ్చింది.

ఇక్కడ అది పదవ వైమానిక దళంలో భాగమైంది. ఏప్రిల్ 2–3 రాత్రి పదవ వైమానిక దళాధిపతి బ్రెరెటన్ స్వయంగా నాయకత్వం వహించగా మూడు విమానాలు అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ దగ్గర జపాన్ నౌకలపై దాడి చేశాయి. ఆ వారంలోనే, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. బంగాళాఖాతం రెండు వైపులా యుద్ధరంగమైన రోజులవి.

ఆ జూన్‌లో ఈజిప్టులో బ్రిటిష్ సేనల పరిస్థితి విషమించడంతో బ్రెరెటన్‌తో పాటు అందుబాటులో ఉన్న భారీ బాంబర్లను అక్కడికి పంపారు. భారతదేశంలో దళం దాదాపు నామమాత్రమైంది. 1942 చివరికి బి-24 లిబరేటర్లతో అది మళ్లీ బలపడింది. డిసెంబర్‌లో దాని ప్రధాన స్థావరం బెంగాల్ బొగ్గుగనుల ప్రాంతంలోని పాండవేశ్వర్‌కు మారింది. 9, 436, 492, 493 సంఖ్యల స్క్వాడ్రన్లు ఇందులో ఉండేవి. 1944 జనవరిలో ఢాకా దగ్గరి కుర్మిటోలాకు వెళ్లిన దళం, ఆ వర్షాకాలంలో హిమాలయాల మీదుగా చైనాకు పెట్రోలు చేరవేసి, అక్టోబర్‌లో పాండవేశ్వర్‌కు తిరిగివచ్చింది.

3. వంతెన అనే సమస్య

బర్మాలో జపాన్ సేనల మనుగడ రంగూన్ రేవు మీద, అక్కడి నుంచి ఉత్తరానికి సాగే మీటర్‌గేజి రైలుమార్గం మీద ఆధారపడింది. ఎన్నో వాగులు, నదులు దాటే ఆ మార్గంలో వంతెనలే బలహీనస్థానాలు. అయితే భారీ బాంబరు పట్టణాలు, రేవులు, కర్మాగారాల వంటి విశాల లక్ష్యాల కోసం రూపొందింది. కొన్ని అడుగుల వెడల్పున్న వంతెనకు వేల అడుగుల ఎత్తు నుంచి గురిపెడితే అత్యధిక బాంబులు నీటిలోనో పొలాల్లోనో పడతాయి. దగ్గరలో పేలినా, ఉక్కు చట్రం సందుల్లోంచి పేలుడు గాలి దాటిపోతుంది. ఒక భాగం కూలినా జపాన్ ఇంజనీర్లు కలపతో దాన్ని నిలబెట్టేవారు. లేదా పక్కన తాత్కాలిక వంతెన కట్టేవారు. మాండలే దగ్గరి మ్యిట్‌ంగే వంతెనపై పదేపదే దాడులు చేయవలసి రావడం ఇందుకు నిదర్శనం.

1944 చివర 493వ స్క్వాడ్రన్‌కు ‘ఆజాన్’ బాంబులు వచ్చాయి. వెయ్యి పౌన్ల బాంబు తోకకు మంటనిచ్చే గుళికను, రేడియో గ్రాహకాన్ని అమర్చేవారు. విమానంలోని సైనికుడు ఆ మంటను చూస్తూ బాంబును కుడికో ఎడమకో మళ్లించగలడు. ముందుకు, వెనక్కు మార్చలేడు. పొడవుగా, సన్నగా ఉండే వంతెనకు ఈ పరిమిత నియంత్రణే చాలింది. విమానం వంతెన పొడవు వెంట ఎగురుతున్నప్పుడు పక్కకు తప్పకుండా చూడటమే ప్రధానం. డిసెంబర్ చివర ప్యిన్మనా దగ్గరి రైలు వంతెనతో వీటి ప్రయోగం మొదలైంది. థాయిలాండ్ రైలుమార్గాలు, వంతెనలపై 1945 మార్చి 19న చేసిన దాడికి దళం విశిష్ట గుర్తింపు పొందింది. జావా పోరాటం తరువాత దానికి లభించిన రెండో గుర్తింపు ఇది.

4. లక్ష్యాల చెంత మనుషులు

1941 డిసెంబర్ 23న, 25న రంగూన్‌పై జపాన్ వేసిన బాంబులకు బలైనవారిలో భారతీయ కూలీలు ఎందరో ఉన్నారు. తరువాతి నెలల్లో లక్షలమంది భారతీయులు స్వదేశానికి బయలుదేరారు. కొండదారుల్లో వేలమంది చనిపోయారు. వెళ్లలేక మిగిలినవారికి రేవులు, గోదాములు, రైలుయార్డులే జీవనాధారం. ఏడవ దళం లక్ష్యాల పట్టికలో ఉన్నవీ అవే. మొదట జపాన్ బాంబులు, ఆపై మిత్రరాజ్యాల బాంబులు ఆ రేవుమీదే పడ్డాయి.

థాయిలాండ్–బర్మా రైలుమార్గం కథ మరింత తీవ్రమైనది. 415 కిలోమీటర్ల ఆ మార్గం 1943 అక్టోబర్‌లో పూర్తయింది. అక్కడ పనిచేసిన అరవై వేలకు పైగా యుద్ధఖైదీల్లో పన్నెండు వేలమందికి పైగా మరణించారు. ఆసియా కూలీల సంఖ్య రెండు లక్షల వరకు, లేదా అంతకు మించి ఉంటుందని అంచనా. వారి మరణాలను తొంభై వేల వరకు లెక్కగట్టినవారున్నారు. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన భారతీయుల్లో తమిళులు అధికులు. తెలుగువారూ వారిలో ఉన్నారు.

మార్గం పూర్తయ్యాక కూడా ఖైదీలను, కూలీలను మరమ్మతులకు అక్కడే ఉంచారు. అంటే వంతెన కూలిన ప్రతిసారీ దాన్ని మళ్లీ నిలబెట్టవలసిన భారం వారిమీదే పడేది. శిబిరాలు రైలుమార్గం పక్కనే ఉండటంతో గురితప్పిన బాంబులు వారిని చంపేవి. 1943 జూన్‌లో థన్బ్యుజయాత్‌లోను, 1944 నవంబర్ 29న తామర్కన్ వంతెనల పక్క శిబిరంలోను మిత్రరాజ్యాల బాంబులకే యుద్ధఖైదీలు మరణించారు. వంతెన కూలడం వారికి విముక్తిని దగ్గర చేసింది, ప్రాణాపాయాన్నీ పెంచింది.

5. ఆధారాలు – అసమానత

ఇక్కడ మూడు రకాల స్మృతులు కనిపిస్తాయి. వైమానిక సిబ్బందికి దాడి నివేదికలు, సిబ్బంది జాబితాలు ఉన్నాయి. యుద్ధఖైదీలకు దినచర్యలు, జ్ఞాపకాల గ్రంథాలు ఉన్నాయి. కాంచనబురి, చుంగ్‌కాయ్, థన్బ్యుజయాత్ శ్మశానవాటికల్లో పేర్లు చెక్కిన సమాధిఫలకాలు ఉన్నాయి. కూలీలకు ఇలాంటివి లేవు. వారిలో చాలామందికి చదువు లేదు. సైనికులు కారు కనుక సైనిక సమాధుల వ్యవస్థలో వారికి చోటు లేదు. సంఖ్యలో అధికులైనవారు ఆధారాల్లో అల్పులయ్యారు.

6. ఉపసంహారం

ఏడవ బాంబర్ దళం జపాన్ సరఫరాను దెబ్బతీసింది. బర్మా విముక్తికి తోడ్పడింది. ఈ వాస్తవాన్ని తగ్గించి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక దాడి ఫలితాన్ని కూలిన వంతెనల సంఖ్యతో మాత్రమే కొలిచినప్పుడు, ఆ వంతెనను కట్టినవారు, మళ్లీ కట్టినవారు చరిత్ర నుంచి జారిపోతారు. దాడి నివేదికలోని తేదీని, స్థలాన్ని తోటల కూలీల పట్టికలతోను, బర్మా కాందిశీకుల రికార్డులతోను, మలేషియా తెలుగు కుటుంబాల మౌఖిక కథనాలతోను కలిపి చదవడం అందుకు ఒక మార్గం. ఆ తరంవారు కనుమరుగవుతున్నారు. విన్న కథలు గుర్తున్న వారి పిల్లలు ఉండగానే తెలుగు పరిశోధన ఆ పనిని చేపట్టాలి.